పది నిమిషాలకోసారి

ఆ ఆదివారం మా అమ్మ ఒక్కతే చర్చికి వెళ్ళింది. పదింటికి ఆరాధన, పదింటికే నా పని.

"వారానికి ఏడు రోజులుంటే మీ ఆఫీసుకి ఈ రోజే దొరికిందా?" అంది గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ.

ఆదివారం ఉదయం ఆసుపత్రుల్లో ముందుగా అనుకున్న ఆపరేషన్లు ఉండవనీ, రక్తం కోసం వెతికేవాళ్ళు తక్కువనీ, ఏదైనా చెడినా పెద్ద నష్టం ఉండదనీ చెప్పాను.

"అయితే చెడుతుందా?" అంది అమ్మ.

ఫోన్లో ఆటో బుక్ చేశాను. వారం రోజులుగా నాకు నేను వేసుకుంటున్న ప్రశ్నా అదే.

మా ఆఫీసు రెజిమెంటల్ బజార్లో, కింద ఇనుప సామాన్ల దుకాణం ఉన్న ఒక పాత బిల్డింగులో రెండో అంతస్తు. చిన్న కంపెనీ. జంట నగరాల్లోని కొన్ని ఆసుపత్రుల బ్లడ్‌బ్యాంకులు ఎవరి దగ్గర ఏ గ్రూపు రక్తం ఎంత ఉందో ఒకే జాబితాలో చూసుకునేలా మేం ఒక సాఫ్ట్‌వేర్ నడుపుతాం. రక్తం ఇచ్చినవాళ్ళ పేర్లు, ఫోన్ నంబర్లు కూడా అందులోనే ఉంటాయి. ఆ సాఫ్ట్‌వేర్ ఆగకుండా చూసుకోవడం నా ఉద్యోగం. పన్నెండేళ్ళుగా అదే చేస్తున్నాను.

ఆ వేసవిలో ఫిర్యాదులు మొదలయ్యాయి. ఎప్పుడో ఒకసారి పుణ్యానికి రక్తం ఇచ్చినవాళ్ళకు ఎవరో దళారులు ఫోన్లు చేస్తున్నారు. "మీది ఫలానా గ్రూపు కదా, అర్జెంటుగా రండి, ఊరికే వద్దు, చూసుకుంటాం" అంటున్నారు. ఒక కాలేజీ అమ్మాయికి రోజూ వస్తుంటే వాళ్ళ నాన్న ఆసుపత్రికి వెళ్ళి గొడవ చేశాడు. ఆ నంబర్లు మా దగ్గర్నుంచే బయటికి పోతున్నాయని ఆసుపత్రులు అనుమానించాయి. పోవడం లేదని చెప్పడానికి మా దగ్గర ఏ ఆధారమూ లేదు.

ఎందుకు లేదో కాస్త వివరించాలి. మా సాఫ్ట్‌వేర్ ఒకే ముద్దగా ఉండదు. చిన్న చిన్న ప్రోగ్రాములుగా విడగొట్టి, ఒక్కోదాన్ని దానికి కావలసిన సరంజామాతో సహా ఒక్కో కంటైనర్లో పెట్టాం. ఆరు కంప్యూటర్లు ఆ కంటైనర్లన్నిటినీ పంచుకుని నడుపుతాయి. ఆ ఆరింటినీ కలిపి క్లస్టర్ అంటాం. ఏ కంటైనర్ దేనితో మాట్లాడుతోందో, అందులో బయటికి పోయేది ఏదో అప్పటిదాకా మేమెవరమూ పట్టించుకోలేదు. పని జరుగుతోంది కదా అనుకున్నాం. ఇప్పుడు పట్టించుకోవలసి వచ్చింది. అందుకే నెట్‌వర్క్‌ను కనిపెట్టి ఉండే గేట్‌వే ఒకటి పెట్టాలని నిర్ణయించారు. ఆరు కంప్యూటర్ల మీదా ఒక్కో నిఘా ప్రోగ్రాము కూర్చుంటుంది. వచ్చేదీ పోయేదీ చూసి గేట్‌వేకి చెబుతుంది. గేట్‌వే దాన్నంతా తెర మీద గీతలుగా చూపిస్తుంది.

చెప్పుకోవడానికి ఇంతే. కానీ ఆ నిఘా ప్రోగ్రాము కూర్చునేది సరిగ్గా రాకపోకలు జరిగే దారిలో. అది సరిగ్గా కూర్చోకపోతే దారే మూసుకుపోతుంది.

ఆఫీసులో నేనొక్కదాన్నే ఉన్నాను. మేనేజర్ ఇంటి దగ్గర ఫోన్లో అందుబాటులో ఉంటానన్నాడు. మొదటి కంప్యూటర్ మీద నిఘా ప్రోగ్రాము పెట్టాను. ఐదు నిమిషాలు ఆగి చూశాను. ఏమీ కాలేదు. రెండోది. మళ్ళీ ఆగాను. మూడోది. కింద బజారులో ఒక్కో షట్టరూ లేస్తున్న చప్పుడు వినిపిస్తోంది. మూడూ బాగానే ఉండటంతో నాకు కొంచెం ధైర్యం వచ్చింది. నాలుగో దానికి ముందు ఒకసారి సరిచూసుకోవలసింది, చూసుకోలేదు.

పది నలభైకి నాలుగో కంప్యూటర్ మీద పెట్టాను. తెర మీద ఆ కంప్యూటర్ పక్కన పచ్చగా ఉన్న గుర్తు ఎర్రబడింది. దాని మీద నడుస్తున్న కంటైనర్లు ఒక్కొక్కటే పడిపోయాయి. రక్తం జాబితాను ఎప్పటికప్పుడు సరిచేసే ప్రోగ్రాము కూడా అందులోనే ఉంది. అలాంటప్పుడు అది వేరే కంప్యూటర్ మీదకు తనంతట తాను వెళ్ళిపోవాలి. వెళ్ళలేదు.

నా సెల్‌ఫోన్ మోగింది. ఒక ఆసుపత్రి బ్లడ్‌బ్యాంక్ టెక్నీషియన్. గొంతు పరిచయమే.

"మేడమ్, లిస్టు తిరుగుతనే ఉంది, ఓపెన్ అయితలేదు. ఇక్కడ డెలివరీ కేసుంది. ఓ నెగటివ్ కావాలె."

"మీ దగ్గర లేదా?"

"ఒక్కటే ఉండె, ఇచ్చేసినం. ఇంకొకటి కావాలంటున్నరు."

నేను చేసిన పనివల్లే ఆగిందని ఆ క్షణంలో అతనికి చెప్పలేకపోయాను. ఉదయం పని మొదలుపెట్టేముందు జాబితాను ఒక కాపీ తీసి పెట్టుకున్నాను. అందులో చూసి, గంట కిందటి సంగతి అని చెప్పి, ఓ నెగటివ్ ఉన్న మరో రెండు ఆసుపత్రుల నంబర్లు చదివాను. "ముందు ఫోన్ చేసి అడిగాకే మనిషిని పంపండి" అని రెండుసార్లు చెప్పాను.

ఫోన్ పెట్టేసరికి లోపల మేనేజర్ గదిలో ల్యాండ్‌లైన్ మోగడం మొదలైంది. ఆ గదికి తాళం. మోగి మోగి ఆగింది. మళ్ళీ మోగింది. ఇంకో ఆసుపత్రి, ఇంకో కేసు అనుకున్నాను. ఆ చప్పుడు వింటూనే ఆరు కంప్యూటర్ల వివరాలూ తెరిచి చూశాను. నాలుగోది మిగతా వాటికంటే ముందు కొన్నది, దాని ఆపరేటింగ్ సిస్టమ్ పాతది. ఈ నిఘా ప్రోగ్రాము దానికి సరిపడదు. పెట్టినదాన్ని పెట్టినట్టే తీసేశాను. పది యాభై నాలుగుకు గుర్తు పచ్చబడింది. జాబితా కదిలింది.

టెక్నీషియన్‌కు నేనే ఫోన్ చేశాను. దొరికిందన్నాడు. మనిషి బండి మీద బయలుదేరాడట.

మధ్యాహ్నానికి నాలుగో కంప్యూటర్ సిస్టమ్ కొత్తది చేసి, దాని మీదా మిగిలిన రెండింటి మీదా జాగ్రత్తగా పెట్టి పని ముగించాను. గేట్‌వే తెర మొదటిసారి నిండింది. ఏ కంటైనర్ ఎవరితో మాట్లాడుతోందో గీతలు గీతలుగా కనిపించింది. పన్నెండేళ్ళుగా చూస్తున్న వ్యవస్థను అప్పుడే మొదటిసారి చూసినట్టనిపించింది. బయటికి పోయే గీతలు లెక్కపెట్టాను. అన్నీ ఆసుపత్రులవే, ఒక్కటి తప్ప.

అది సన్నటి గీత. పది నిమిషాలకోసారి బయటికి ఏదో పంపి ఊరుకుంటోంది. పోయేది మా ఆసుపత్రుల్లో దేనికీ కాదు, ఎవరి ఇంట్లోనో ఉండే మామూలు ఇంటర్నెట్ కనెక్షన్‌కు. ఏం పంపుతోందో గేట్‌వేకి తెలియదు, తాళం వేసిన ఉత్తరంలా పోతోంది. ఎంత పంపుతోందో మాత్రం తెలుసు. కొంచెమే. కానీ ఫోన్ నంబర్ కూడా కొంచెమే కదా.

సోమవారం పొద్దున్నే మేనేజర్‌కి చూపించాను. నాకంటే ఆరేళ్ళు చిన్నవాడు. నిదానస్తుడే కానీ మూడు నెలలుగా ఆసుపత్రుల వాళ్ళతో మాటలు పడి పడి విసిగి ఉన్నాడు. తెర వైపు వంగి చూశాడు.

"దొరికిండు మేడమ్. గిదే. పది నిమిషాలకొక నంబర్ పంపుతున్నడు దొంగ."

"అప్పుడే అనుకోవద్దు."

"ఇంకేం ఉంటది? ఎవనిదో ఇంటికి మన దగ్గరికెళ్ళి ఏం పోతది? ఎవరు పెట్టిన్రో మీకు తెలుస్తదా?"

చూసి చెబుతానని నా సీటుకు వచ్చాను. ఆ గీత మొదలయ్యే కంటైనర్‌ను వెతికి పట్టుకున్నాను. పాత ఫైళ్ళు శుభ్రం చేసేది అని దాని పేరు. నాలుగేళ్ళుగా ఎవరూ ముట్టలేదు. పాత కోడ్ తవ్వి తీస్తే పట్టుమని అరవై లైన్లు లేవు. మధ్యలో ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేసిన తెలుగు మాట ఒకటి కనిపించింది. "ఈ లైను ముట్టవద్దు. ముడితే నన్ను అడుగు."

అలా రాసేది ఒక్కరే.

నాకు ఈ పని నేర్పిన మా సార్. నేను చేరేనాటికే ఆయనకు యాభై దాటాయి. తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్నులు. నేను చేసిన తప్పును నలుగురిలో ఎన్నడూ ఎత్తలేదు, కుర్చీ దగ్గరికి లాక్కుని "చూద్దాం పా బిడ్డా" అనేవారు. రిటైరై నాలుగేళ్ళయింది. కాప్రాలో ఉంటారు. ఏడాదికోసారి ఫోన్ చేస్తే చేసేదాన్ని.

కోడ్‌ను నాలుగైదుసార్లు చదివాను. జాబితా ఆఖరిసారి ఎప్పుడు మారిందో ఆ సమయం చదివి, దాన్ని మాత్రమే బయటికి పంపుతుంది. అంతే కనిపిస్తోంది. కానీ దాతల నంబర్లున్న పట్టికను చదివే అనుమతి కూడా దానికి ఉంది. పైగా ఫైల్లో రాసి ఉన్న కోడ్, లోపల నిజంగా నడుస్తున్న కోడ్ ఒకటే అని నమ్మకం ఏముంది? వేరేది పెట్టి ఉండవచ్చు. అలా పెట్టడం ఎలాగో ఆయనకు తెలుసు. నాకు నేర్పిందే ఆయన. ఆయన గురించి అలా అనుకుంటున్నందుకు సిగ్గేసింది, అనుకోకుండా ఉండలేకపోయాను.

సాయంత్రం మేనేజర్ వచ్చి నా టేబుల్ దగ్గర నిలబడ్డాడు.

"తెలిసిందా మేడమ్, ఎవరిదో?"

"ఇంకా లేదు" అన్నాను. "రేపు సాయంత్రం దాకా టైమివ్వండి."

"రేపు సాయంత్రం. ఆ తర్వాత నేను అన్ని హాస్పిటళ్ళకు రాయాలె. పోలీసులకు గూడ ఇయ్యాల్సొస్తది."

ఆ ఉద్యోగంలో చేరాక నేను ఆడిన మొదటి పెద్ద అబద్ధం అది. ఇంటికి వెళ్ళి అమ్మకు చెప్పాను, ఆమెకు ఆయన తెలుసు. అన్నం వడ్డిస్తూ అంతా విని, "ఆయనే అయితే ఏం చేస్తావ్?" అంది.

మంగళవారం సెలవు పెట్టి సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర కాప్రా బస్సెక్కాను. ఏమని అడగాలో దారంతా వాక్యాలు కట్టుకున్నాను. ఒక్కటీ బాగా లేదు. చెరువు దాటాక దిగి, రెండు వీధులు తప్పి, అడిగి అడిగి ఇల్లు పట్టుకున్నాను. కింద అద్దెకిచ్చి వాళ్ళు పైన ఉంటున్నారు. సార్ భార్య తలుపు తీశారు, ఆమెను నేను ఆంటీ అంటాను.

"ఏందమ్మా, గిట్ల చెప్పకుండ వచ్చినవ్? అంత మంచిదేనా? అమ్మ బాగుందా?"

సార్ లోపలి నుంచి కళ్ళజోడు సర్దుకుంటూ వచ్చారు. మనిషి సగమయ్యారు. నన్ను చూసి నవ్వారు.

"రా బిడ్డా, రా. నువ్వొస్తవనే అనుకుంటున్న."

"ఎందుకనుకున్నారు సార్?"

"మొన్న ఆయితారం ఆగింది కద. పది యాభైకి నా దగ్గర గంట మోగింది. ఆఫీసుకు రెండుసార్లు ఫోన్ చేసిన, ఎవ్వరెత్తలే. నీ నంబర్ ఈ కొత్త ఫోన్ల లేదు. పదకొండుకు మళ్ళ సరైనట్టు వచ్చింది. ఆ పది నిమిషాలు నా పరేషానీ దేవునికెరుక. ఏం చేసిన్రు ఆ టైముల?"

తాళం వేసిన గదిలో మోగిన ఫోన్ ఆయనదన్నమాట. ఆయన నా చెయ్యి పట్టుకుని టీవీ కింది అరలో ఉన్న ఒక చిన్న కంప్యూటర్ చూపించారు. అరచేతిలో పట్టేంత పెట్టె. దానికొక చిన్న గంట తగిలించి ఉంది, కాలింగ్ బెల్లులో ఉండేలాంటిది.

"ఇదేందో అడుగుతవు గద? కూసో."

ఆయన చెప్పింది కొంత నాకు తెలిసిందే. ఎనిమిదేళ్ళ కిందట ఒకరోజు మా జాబితా మూడు గంటల పాటు గడ్డకట్టినట్టు ఆగిపోయింది. తెర మీద అన్నీ కనిపిస్తూనే ఉన్నాయి, కానీ అన్నీ పాతవి. ఎవరికీ అనుమానం రాలేదు. నేనప్పుడు నెల రోజుల సెలవులో ఉన్నాను. తిరిగి వచ్చాక ఒకరోజు ఆగిందట అని విన్నాను, అంతే. ఆ మూడు గంటల్లో ఒకతను భార్యకు రక్తం కోసం, ఫలానా ఆసుపత్రిలో రెండు ప్యాకెట్లున్నాయని మా జాబితా చెబితే, ఊరు ఈ చివర నుంచి ఆ చివరకు పోయాడు. అక్కడ లేవు. పొద్దున్నే వాడేశారు.

"ఆ పిల్ల దక్కలే" అన్నారు సార్. "ఆనాడు డ్యూటీ నాది. నన్ను ఎవ్వరేమనలే. వాళ్ళాయనకు గూడ తెల్వదు తప్పు ఎక్కడ జరిగిందో. నేనే పోయి చెప్పొచ్చిన. కొట్టలే, తిట్టలే. 'మంచిది సార్' అని పోయిండు."

ఆంటీ వంటింటి గడపలో నిలబడి వింటున్నారు. ఆ మాటలు ఆమె ఎన్నోసార్లు విన్నారని ముఖం చూస్తే తెలుస్తోంది.

"అప్పుడు రాసిన ఇది. లిస్టు ఆఖరుకు ఎన్ని గంటలకు మారిందో పది నిమిషాలకోసారి నాకు చెప్తది. పాతబడితే గంట కొడ్తది. రిటైరైన దినం దీన్ని బంద్ చేద్దామని కూసున్న. చెయ్యి రాలే. ఇంటికే వచ్చేటట్టు మార్చుకున్న. పోయినేడు రెండుసార్లు గంట మోగింది. నేనే మీకు ఫోన్ చేసిన, హాస్పిటల్‌ల పనిచేస్తనని చెప్పిన."

అప్పుడు గుర్తొచ్చింది. వానాకాలంలో ఒక పొద్దున ఎవరో పెద్దాయన ఫోన్ చేసి "మీ లిస్టు పాతదున్నట్టుంది, జెర చూడుండ్రి" అన్నాడు. చూస్తే నిజంగానే ఆగి ఉంది. మేం ఆసుపత్రి పేరైనా అడగలేదు. గొంతు కూడా గుర్తుపట్టలేదు నేను.

ఆయనింక నన్ను మెచ్చుకుంటూ మాట్లాడతారేమోనని భయమేసింది. మెచ్చుకున్నాక అడగడం మరీ కష్టం. అందుకని ఉన్నపళంగా చెప్పేశాను. దళారుల ఫోన్లు, ఆసుపత్రుల అనుమానం, గేట్‌వే, సన్నటి గీత. మేనేజర్ పోలీసులన్నాడని కూడా.

ఆంటీ గడప దాటి గదిలోకి వచ్చారు.

"అంటే నంబర్లు మేం అమ్ముకున్నమా అని చూడనీకొచ్చినవా?" అన్నారు ఆంటీ. "నేను నీకు చాయ్ పెడ్తున్న లోపల."

"ఆంటీ, నేను..."

"ఈయన రాత్రి పగలు దాని ముంగటనే కూసుంటడు. పెండ్లికి పోదామంటె రాడు. మా చెల్లె కొడుకు పెండ్లికి సుత రాలే. గా పాపం మోసినోన్ని పట్టుకొని దొంగ అంటరా?"

"నువ్వూకో" అన్నారు సార్. "ఆమె అడగాలె. అడగకుంటె తప్పు. నేనైనా అడుగుదును." నా వైపు చూడలేదు. "చెప్పకుండ పెట్టిన. ఎవరి పర్మిషన్ తీస్కోలే. అది తప్పే."

లేచి వెళ్ళి ఆ పెట్టె ప్లగ్గు పీకారు. తువ్వాలులో చుట్టి, బట్టల దుకాణం సంచి ఒకటి తెచ్చి అందులో పెట్టి నా చేతికిచ్చారు. "తీస్కపో. అన్ని చూడుండ్రి."

టీ రాలేదు. ఆంటీ గుమ్మం దాకా రాలేదు. బస్సులో ఆ సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఆయన చెప్పింది నేను నమ్మాను. నమ్మడం వేరు, తేలడం వేరు. ఆ పెట్టెలో నంబర్లు బయటపడితే? ఆయనకు తెలియకుండా ఇంకెవరైనా దాన్ని వాడుకుని ఉంటే?

సెలవు రోజే అయినా ఆఫీసుకు వెళ్ళాను. మేనేజర్ టేబుల్ మీద సంచి పెట్టి, ముందుగా అన్నాను. "నిన్న నేను మీకు అబద్ధం చెప్పాను. ఎవరిదో నాకు తెలుసు."

అంతా విన్నాడు. సార్ ఎవరో అతనికి తెలుసు, కలిసి పనిచేయలేదు కానీ పేరు విన్నాడు.

"మేడమ్, ఆయన సంగతి తర్వాత. మీరు నాకు అబద్ధం చెప్తే నేను ఇంకెవరిని నమ్మాలె?"

ఆ మాట ఇప్పటికీ నొప్పి పెడుతుంది.

పోలీసుల మాట ఆగింది, కానీ రిపోర్టులో ఆయన పేరు రాయాలన్నాడు. నేనే రాశాను. పెట్టెను బయటి నిపుణుడికి ఇచ్చారు. రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ ఫోన్ మోగితే ఉలిక్కిపడ్డాను. అమ్మ నన్నేమీ అడగకుండా తన గదిలో ప్రార్థన చేసుకుంది, నా పేరుతో పాటు ఆయన పేరు కూడా తలుపు సందులోంచి వినిపించింది. మూడో రోజు నిపుణుడు ఫోన్ చేశాడు. పెట్టెలో ఉన్నవి సమయాలు మాత్రమే. నాలుగేళ్ళ సమయాలు, పది నిమిషాలకొకటి. లోపల నడుస్తున్న కోడ్ కూడా ఫైల్లో ఉన్నదే. నేను బాత్రూములోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చాను.

అసలు దొంగతనాన్ని ఆ గేట్‌వేనే పట్టుకుంది, ఇంకో పదిహేను రోజులకు. ఒక ఆసుపత్రి కౌంటర్లో కంప్యూటర్ రోజూ మధ్యాహ్నం భోజనాల వేళ దాతల పట్టిక మొత్తాన్ని దించుకుంటోంది. మా గీతల్లో అది పెద్ద గీతే. ఆసుపత్రిది కాబట్టి మొదటిరోజు నేను దాన్ని అనుమానించలేదు. ఆ కౌంటర్లో అందరూ ఒకే పాస్‌వర్డు వాడుతున్నారు. మేం దాన్ని మూసేశాం. దళారుల ఫోన్లు తగ్గుతూ తగ్గుతూ ఆగిపోయాయి. ఎవరు చేశారో ఆసుపత్రి వాళ్ళు మాకు చెప్పలేదు.

సార్ ఒక కాగితం మీద సంతకం చేయాల్సి వచ్చింది, ఇకపై ఆయనకు ఈ వ్యవస్థతో సంబంధం లేదని. నేను తీసుకొస్తానంటే ఒప్పుకోలేదు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, రెండంతస్తులూ ఆగి ఆగి ఎక్కి వచ్చారు. మేనేజర్ లేచి నిలబడి కుర్చీ వేశాడు. సంతకం అయ్యాక గేట్‌వే చూస్తానన్నారు.

"ఏది నాది?" అని అడిగారు.

చూపించాను. అందుకోవడానికి అవతల ఎవరూ లేకపోయినా ఆ కంటైనర్ ఇంకా పది నిమిషాలకోసారి తలుపు తట్టి వస్తూనే ఉంది.

"ఇదా" అన్నారు. "గింత సన్నగుందా?"

"తీసేయమంటారా సార్?"

"ఆగు. ముందు చెప్పు. రేపు లిస్టు గడ్డకడితే మీకెట్ల తెలుస్తది?"

ఆయన ఆలోచననే తీసుకుని గేట్‌వేలో మేం ఒక హెచ్చరిక పెట్టాం. జాబితా ఐదు నిమిషాలు మారకపోతే నా ఫోనూ మేనేజర్ ఫోనూ మోగుతాయి. పరీక్షల కోసం విడిగా ఉంచిన జాబితా మీద దాన్ని చేసి చూపించాను. ఐదు నిమిషాలు ముగ్గురం ఫోన్ల వైపు చూస్తూ కూర్చున్నాం. రెండు ఫోన్లూ మోగాయి.

"ఇంకోసారి" అన్నారు సార్.

మళ్ళీ ఐదు నిమిషాలు. మళ్ళీ మోగాయి.

"ఇద్దరు నిద్రల ఉంటే?"

మేనేజర్ అన్నాడు, "మూడో నంబర్ గూడ పెడ్తం సార్. డ్యూటీల ఉన్నోళ్ళది." అప్పటికప్పుడే నాచేత పెట్టించాడు. సార్ కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు.

"ఇగ తియ్యి బిడ్డా."

తీసేశాను. గీత వెంటనే పోలేదు. పది నిమిషాల తర్వాత మసకబడి, తెర మళ్ళీ నిండేసరికి లేదు. ఆయన చివరి దాకా చూసి లేచారు. మెట్ల దగ్గర నా భుజం తట్టారు.

రోజూ సాయంత్రం ఫోన్ చేసి అంతా బాగుందని చెబుతానని మాటిచ్చాను. ఒక నెల చేశాను. తర్వాత వారానికోసారి అయింది. తర్వాత పనుల్లో పడి మరిచిపోయాను. మరిచిపోయానని గుర్తొచ్చినప్పుడు చేయడానికి ముఖం చెల్లలేదు. ఆంటీ నాతో మాట్లాడటం మానేసి చాలా కాలమైంది. ఫోన్ ఎత్తితే వెంటనే ఆయనకిచ్చేసేవారు.

పోయిన వారం ధైర్యం చేసి చేశాను. ఆంటీయే ఎత్తారు. సార్ ఉన్నారా అని అడిగాను.

"లేడు. చెరువు దిక్కు నడవనీకి పోయిండు."

"సార్ సెల్‌కే కదా ఆంటీ నేను చేసింది?"

"అవును. ఈ మధ్య ఫోన్ ఇంట్లనే పెట్టి పోతున్నడు" అన్నారు ఆంటీ. కాస్త ఆగి, "నువ్వెట్లున్నవ్? అమ్మ బాగుందా?" అని అడిగారు.